అనంతగిరిలో శరణమ్మ

జహీరాబాద్‌లో రైలెక్కితే వికారాబాద్ మూడు గంటల దారి. అక్కడి నుంచి అనంతగిరి గుట్టలు అయిదు మైళ్లు కూడా ఉండవు. కాశీకో బదరీకో వెళ్లొచ్చినవాళ్లు రాస్తే అందముంది గానీ, ఇంత దగ్గరికి పోయి వచ్చి యాత్ర రాయడమేమిటని మా బడిలో తోటి పంతుళ్లు నవ్వారు. వాళ్లకు నేను సగమే చెప్పాను. మిగిలిన సగం రాయమని మొన్న వీరశెట్టే అన్నాడు. ఆ మూడు రోజుల్లో చూసిన దాని నుంచి నేనింకా తేరుకోలేదు. అయినా రాస్తున్నాను.

మా ఊళ్లో ఒక నడక సంఘం ఉంది. పెట్టింది గఫూర్ సాబ్, తాలూకా దవాఖానలో కంపౌండరు. మందుసీసాలు నింపి నింపి విసుగెత్తి, సగం రోగాలు కూర్చోవడం వల్లే వస్తాయని తేల్చుకున్న మనిషి. ప్రతి ఆదివారం పొద్దున్నే మమ్మల్ని ఝరాసంగం వైపో కోహీర్ వైపో తోలుకుపోతాడు. ఎటు పోయినా చదును నేలే. చెరుకు, అల్లం, మళ్లీ చెరుకు. ఎత్తు ఎక్కడం ఎలా ఉంటుందో ఒకసారి చూద్దామని అందరికీ ఉండేది. మొన్న కార్తీకంలో శని, ఆది, సోమ మూడు సెలవులు కలిసొచ్చాయి. బయలుదేరింది నలుగురం. గఫూర్ సాబ్, నేను, ఝరాసంగం దగ్గర జొన్నా కందీ పండించే మాణిక్‌రావు, అల్లం వ్యాపారి వీరశెట్టి. వీరశెట్టికి నలభై దాటలేదు. పెద్దల కాలంలో బీదర్ వైపు నుంచి వచ్చిన లింగాయతుల కుటుంబం. అన్న చన్నప్పతో కలిసి బజారులో దుకాణం నడుపుతాడు. మాట తక్కువ, నడక ఎక్కువ.

కోహీర్ జాంపండ్లు

కోహీర్ స్టేషన్‌లో బండి ఆగగానే జాంపండ్ల గంపలు కిటికీల దాకా లేచాయి. గంప పావలా. మాణిక్‌రావు రెండు గంపలు కొని ఒళ్లో పెట్టుకున్నాడు. కోస్తే లోపల గులాబిరంగు. పెట్టె అంతా వాసన.

మా ఎదురుగా మర్పల్లిలో దిగాల్సిన ముసలాయన ఒకాయన కూర్చున్నాడు. పండు తీసుకుని, ఎక్కడికని అడిగాడు. చెప్పాం.

"దేవునికి మొక్కున్నదా?" అన్నాడు.

"లేదు తాతా."

"ఎవలికన్న రోగమా?"

"అదీ లేదు. నడవనీకి పోతున్నం," అన్నాడు గఫూర్ సాబ్.

ముసలాయన పండు నమలడం ఆపేశాడు. "గా గుట్టకు పోయేటోళ్లు రెండే తీర్లు. మొక్కులోళ్లు, క్షయరోగమోళ్లు. ఉత్తగ నడవనీకి ఎవలు పోతరయ్యా?" అని, మమ్మల్ని ఒక్కొక్కరినే పైనుంచి కిందికి చూసి, మూట పట్టుకుని బల్ల చివరికి జరిగి కూర్చున్నాడు. మేం నవ్వుకున్నాం. వీరశెట్టి ఒక్కడు కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు.

వికారాబాద్‌లో ఊదారంగు నీళ్లు

స్టేషన్ బయట టాంగా అతను గుట్ట కిందికి రూపాయిన్నర అడిగాడు. మా ఊళ్లో స్టేషన్ నుంచి బజారుకు పావలా. ఎద్దు కొమ్ములా ఉండే దారి, గుర్రానికి ఆయాసమని బతిమాలాడు. సరేనని, ముందు బజారులో ఒక హోటల్‌కు పోయాం. పూరీ ఆరు నయా పైసలు, ఛాయ్ పది. ఆలుగడ్డ కూర మా ఊరి కన్నా బాగుంది.

గఫూర్ సాబ్ చిల్లర ఇవ్వబోతే హోటలాయన చెయ్యి చాపలేదు. గల్లా పక్కనున్న ఇత్తడి గిన్నె చూపించాడు. అందులో క్రిములు చచ్చే మందు కలిపిన ఊదారంగు నీళ్లు. గుట్ట మీది క్షయ దవాఖాన నుంచి వచ్చేవాళ్ల పైసలు ఆ నీళ్లలో వేయించుకుని, తర్వాత కడిగి తీసుకుంటాడట.

"మేం దవాఖానోళ్లం కాదు మియా. అయినా రోగం పైసలకు అంటదు," అన్నాడు గఫూర్ సాబ్.

"మీకు తెల్వది సాబ్. మా ఇంట్ల చిన్నపోరలున్నరు."

నేను నోరు తెరుచుకుని ఆ గిన్నెలోకి చూస్తూండిపోయాను. అడుగున పదిపైసల బిళ్లలు చచ్చిన చేపల్లా పడి ఉన్నాయి. తిరిగి చూస్తే వీరశెట్టి విస్తరి ముందు లేడు. పూరీలు అలాగే ఉన్నాయి. బయట టాంగా చక్రం పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏమైంది సేఠ్?" అని అడిగాను.

"నా పెండ్లం శరణమ్మ గీ రోగంతోనే పోయింది సారూ. ఏడేండ్లాయె. నేను అప్పుడు అల్లం బేరానికి బొంబైల ఉంటి. నెల్రోజులకు వచ్చేసరికి అన్న అన్నీ చేసేసిండు. బీదర్ దవాఖాన తాన మట్టిచేసిన్రట." టాంగా చక్రం వదిలి, "ఏటేటా ఆమె పేరు మీద జంగమయ్యలకు బువ్వ పెడ్తున్న," అన్నాడు.

మళ్లీ పెళ్లి చేసుకున్నాడనీ, భార్య నీలమ్మ, ఇద్దరు పిల్లలనీ నాకు తెలుసు. మొదటి భార్య సంగతి మాత్రం ఆ రోజే వినడం.

సత్రంలో

గుట్ట పైన గుడి పక్కన సత్రంలో దిగాం. పూజారిగారింట్లో భోజనం ముప్పావలా. చారు, గోంగూర పప్పు, నెయ్యి. మాకు జొన్నరొట్టె లేనిదే పూట గడవదు. అక్కడ మూడు పూటలూ అన్నమే. రొట్టె అడిగితే పూజారిగారి భార్య, "పొలం పోయేటప్పుడు తింటరు గానీ, గుడికొచ్చి రొట్టెలు తింటరా!" అని ఆశ్చర్యపోయింది.

మర్నాడు లేచి తలుపు తీస్తే ఎదురుగా ఏమీ లేదు. గుడి లేదు, చెట్లు లేవు, మెట్లు లేవు. అంతా తెల్లటి మంచు. మా నల్లరేగడి మీద చలికాలంలో కాస్త పొగలా లేవడం చూశాను గానీ, కాలు ఎక్కడ పెడుతున్నానో కనిపించకపోవడం అదే మొదటిసారి. ఆ మంచులోంచి కొండముచ్చు ఒకటి వచ్చి, మాణిక్‌రావు ఇంటి నుంచి తెచ్చిన రొట్టెల మూటను అతని చేతిలోంచే గుంజుకుపోయింది. అతను వేసిన కేకకు పూజారిగారు గంట వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

జారుడు రాయి

మంచు విడిచాక అడవిలోకి దిగాం. టేకుచెట్లు, ఎర్రమట్టి, పగిలిన సీతాఫలాలు. దిగువన సన్నటి ఊట ఒకటి పారుతోంది. దాన్ని దాటుతూ మాణిక్‌రావు పాచి పట్టిన రాయి మీద జారాడు. పెద్ద మనిషి, పెద్ద చప్పుడు. లేపి చూస్తే పిక్క మీద జానెడు చీలిక. రక్తం ఊటలో కలిసి పారింది.

గఫూర్ సాబ్ తన రుమాలుతో బిగించి కట్టాడు. "నాలుగు కుట్లు పడాలె. సూది గూడ ఇయ్యాలె. దగ్గర్ల ఉన్నది ఒక్కటే దవాఖాన," అన్నాడు.

ఏ దవాఖానో అందరికీ అర్థమైంది. మాణిక్‌రావు గజగజలాడిపోయాడు. "కాలు పోతే పోయింది గానీ ఆడికి మాత్రం నేను రాను!"

"జర సమజ్ చేసుకో. ఊపిరితోని వచ్చే రోగం కాలికెట్ల అంటుతది?" అని గఫూర్ సాబ్ ఒక రెక్క పట్టాడు. నేనూ వీరశెట్టీ రెండో రెక్క పట్టాం.

దవాఖాన మెట్లు

నేను ఊహించుకున్నది వేరు, చూసింది వేరు. మూలుగులు, చీకటిగదులు ఉంటాయనుకున్నాను. పొడవైన వసారాలో వరసగా మంచాలు, గోడలు లేని వైపు గాలికి ఎదురుగా. గడ్డం దాకా కంబళ్లు కప్పుకుని మనుషులు ఎండలో పడుకుని ఉన్నారు. ఇద్దరు ముసలివాళ్లు అష్టాచెమ్మా ఆడుతూ గవ్వల కోసం గట్టిగా పోట్లాడుకుంటున్నారు. మా ఊళ్లో ఆరోగ్యంగా తిరిగే వాళ్ల కన్నా ఒళ్లు చేసిన వాళ్లు కనిపించారు. నేను ముక్కుకు అడ్డం పెట్టుకున్న పైపంచె తీసేయాలంటే సిగ్గేసి, మెల్లగా జారవిడిచాను.

డాక్టరుగారు ఏ ఊరని కూడా అడగకుండా మాణిక్‌రావును బల్ల మీద పడుకోబెట్టారు. గఫూర్ సాబ్ పక్కన నిలబడ్డాడు. తెల్లచీర కట్టిన ఆయా ఒకామె వేణ్నీళ్లు తెచ్చి గాయం కడిగింది. ముప్పై, ముప్పైరెండేళ్లుంటాయి. చెయ్యి వణకలేదు, మొహం తిప్పుకోలేదు. "ఓర్సుకో నాయినా, అయిపాయె," అంటూనే ఉంది. వీరశెట్టి లోపలికి రాలేదు. బయట కింది మెట్టు మీద మాకు వీపు పెట్టి కూర్చున్నాడు.

ఆమె రక్తం నీళ్ల గిన్నె పట్టుకుని బయటికి నడిచింది. నేను గుమ్మంలో ఉన్నాను, దారి ఇచ్చాను.

"జర పక్కకు జరుగు అన్నా, నీళ్లు పారవోస్త," అంది మెట్టు మీది మనిషితో.

వీరశెట్టి జరుగుతూ తల తిప్పాడు.

గిన్నె ఆమె చేతిలోంచి జారి మెట్లన్నీ దొర్లింది. ఆ చప్పుడుకు వసారాలో గవ్వలాట ఆగిపోయింది. వీరశెట్టి లేచాడు, ఒక అడుగు వెనక్కి వేశాడు, మరో అడుగు వేశాడు. ఎర్రనీళ్లు అతని ధోవతి మీద చిమ్మి ఉన్నాయి.

"నువ్వు సచ్చిపోయినవ్ కదా."

ఆమె పైమెట్టు మీదే నిలబడి అతన్ని చూసింది. "నాకెవ్వలు చెప్పలే," అంది.

నేను గుమ్మం పట్టుకుని అక్కడే చతికిలబడ్డాను. గఫూర్ సాబ్ లోపలి నుంచి పరుగెత్తుకొచ్చి, ముందు నాకేదో అయిందనుకున్నాడు. నేను వేలు పెట్టి చూపించాను.

ఆ తర్వాత వాళ్లిద్దరూ చెట్టు కింద రాతిబల్ల మీద చెరో చివర కూర్చున్నారు. మాకు వినబడుతూనే ఉంది. లేచి దూరం పోవాలన్న తెలివి మాకు లేకపోయింది. చన్నప్ప ఆమెను బీదర్ తీసుకుపోలేదు, ఇక్కడికే తెచ్చాడు. ఆరు నెలలు ఖర్చు పంపాడు. తర్వాత రాకడ ఆగిపోయింది. రెండేళ్లకు ఆమెకు నయమైంది. పక్క మంచం ఆమె దగ్గర అక్షరాలు నేర్చుకుని మూడు ఉత్తరాలు దుకాణం పేరుతో రాసింది. జవాబు రాలేదు. తల్లీతండ్రీ ముందే పోయారు. డాక్టరుగారు ఇక్కడే పనిలో పెట్టుకున్నారు.

"ఇడిసిపెట్టిన్రనుకున్న. ఈడ నా అసుమంటోళ్లు మస్తుమంది ఉన్నరు," అంది.

"బసవన్న మీద ఒట్టు, నాకు తెల్వదు శరణీ."

"ఒట్టెందుకు, నమ్ముత. గానీ ఒక్కమాట. మట్టిచేసిన జాగ సూస్తనని మీ అన్నను ఒక్కసారన్న అడగకపోతిరి?"

వీరశెట్టి తల వంచుకున్నాడు.

గుట్ట కొన

మూడో రోజు పొద్దున ఆమె డాక్టరుగారి దగ్గర సెలవడిగి సత్రానికి వచ్చింది. చెంగులో మూట. విప్పితే జొన్నరొట్టెలు, పల్లీల పచ్చడి. "నిన్న నాయిన రొట్టెల కోసం ఏడ్సిండట కదా," అని మాణిక్‌రావు మంచం మీద పెట్టింది. అందరికన్నా ముందు అతనే రొట్టె తుంచి నోట్లో పెట్టుకున్నాడు. నిన్న దవాఖాన గడప తొక్కనన్న మనిషి!

"గుట్ట కొనకు పోదాం. నడవనీకే వచ్చిన్రంట కదా," అంది మాతో.

చీర కింద ఆమె కాళ్లకు కాన్వాసు బూట్లున్నాయి. ఆడమనిషి కాళ్లకు బూట్లు చూడటం నాకు కొత్త. జబ్బు తగ్గేటప్పుడు డాక్టరుగారు మొదట పదడుగులు నడిపించారట. తర్వాత ఇరవై, తర్వాత చింతచెట్టు దాకా, తర్వాత గుడి దాకా. ఇప్పుడు రోజూ సాయంత్రం కొనదాకా పోయి వస్తుంది. ఒక ఊపిరితిత్తి సగం పనికి రాని మనిషి ఆమె. మేం మూడేళ్లుగా నడక సంఘమని చెప్పుకు తిరిగేవాళ్లం. పావుగంటకే మా ముగ్గురికీ రొప్పు వచ్చింది. ఆమె పై మలుపులో రాయి మీద కూర్చుని మా కోసం ఎదురుచూసింది.

"నోటితోని గాలి పీల్చకున్రి. ముక్కుతోని పీల్సి మెల్లగ ఇడువున్రి," అని గఫూర్ సాబ్‌కే నేర్పింది. ఆయన బుద్ధిగా అలాగే చేశాడు.

కొన మీద నుంచి చూస్తే కింద అడవి, ఆ తర్వాత పొలాలు, ఆ తర్వాత నేల ఎక్కడ ఆగి ఆకాశం ఎక్కడ మొదలైందో తెలియని దూరం. జహీరాబాద్ ఏ దిక్కని అడిగాను. తడుముకోకుండా పడమటికి చెయ్యి చాపింది.

"మొదాల రెండేండ్లు దినాం గా దిక్కే సూస్తుంటి. పొద్దు గూకేటప్పుడు ఎండ కండ్లల్ల కొడ్తుంటది. ఇంక ఇటు తిరిగి కూసునుడు అలవాటయింది," అంది.

వీరశెట్టి అప్పుడు చెప్పాడు, నీలమ్మ గురించి, పిల్లల గురించి. పెద్దవాడు సంగప్ప. చిన్నపిల్ల పేరు శరణమ్మ.

"నేను బతికుండంగనే నా పేరు ఇంకోలకు పెట్టిన్రా," అంది. నవ్వబోయి ఆగింది. "పిల్ల మంచిగున్నదా? దగ్గు గిట్ల లేదు కదా?"

"మంచిగున్నది. నువ్వు నడువు. ఇంటికి పోదాం."

"ఏ ఇంటికి? నీలమ్మ ఏం తప్పు చేసిందని నేను పోయి ఆమె నెత్తి మీద కూసోవాలె? నేను రాను. నాకు ఈడ పనున్నది. గానీ నేను బతికున్ననని ఊళ్లె చెప్పున్రి. జంగమయ్యలకు బువ్వ పెట్టుడు బందు చెయ్యున్రి. గంతే."

వీరశెట్టి మొహంలో రంగు మారింది. "వచ్చే నెల అన్న బిడ్డ గౌరి పెండ్లి. ఇప్పుడు ఇంట్ల క్షయరోగమున్నదని తెలిస్తే సంబంధం తప్పిపోతది. పెండ్లి అయిపోనీ, తర్వాత..."

"గౌరి నా చేతుల మీద పెరిగింది," అంది ఆమె. గొంతు పెంచలేదు. "దాని పెండ్లి అయ్యేదాంక నేను సచ్చి ఉండాల్నా?"

లేచి, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, మా కోసం ఆగకుండా దిగిపోయింది. గఫూర్ సాబ్ కళ్లు తుడుచుకున్నాడు. నేను ఎటు చూడాలో తెలియక నా కాళ్ల వైపు చూసుకున్నాను. వీరశెట్టి ఆ రాయి మీద గంటసేపు కూర్చున్నాడు.

జహీరాబాద్ ప్లాట్‌ఫారం

మాణిక్‌రావును రెక్కలు పట్టి తిరుగు రైలెక్కించాం. స్టేషన్‌లో దిగేసరికి చన్నప్ప ఎదురొచ్చాడు, చంకలో తమ్ముడి చిన్నపిల్ల. యాభై దాటిన మనిషి, నుదుట విభూతి, బజారులో పదిమంది తగాదాలు తీర్చే పెద్దరికం. వీరశెట్టి పిల్లను తీసుకుని నా చేతికిచ్చాడు.

"అన్నా, శరణిని ఏడ మట్టిచేసినవ్?"

"ఇప్పుడెందుకురా గా ముచ్చట? దా, ఇంటికి పోదాం."

"నేను ఆమె చేతి రొట్టె తినొచ్చిన."

దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు, మూటలవాళ్లు ఎక్కడివాళ్లక్కడ ఆగిపోయారు. చన్నప్ప రైలుకెక్కించడానికి పేర్చిన అల్లం బస్తాల మీద కూలబడ్డాడు. నేను కోపాన్ని చూస్తాననుకున్నాను, బుకాయింపు చూస్తాననుకున్నాను. అతను పిల్లవాడిలా ఏడ్చాడు.

"బతికేది కష్టమన్నరురా. నువ్వు దుకాణం ఇడిసి ఆమె పక్కనే కూసుంటవ్, నీగ్గూడ అంటుతదని భయపడ్డ. పోయిందని చెప్పిన. ఇంకో నెలకైనా పోతది కదా అనుకున్న. పోలే. నీకు రెండో పెండ్లి చేసినంక ఉత్తరమొచ్చింది. సచ్చిందన్న మనిషి బతికిందని ఎట్ల చెప్పాలెరా? నువ్వే చెప్పు."

వీరశెట్టి పిల్లను నా దగ్గర నుంచి తీసుకుని బజారులోంచి నడిచాడు. దారిలో పలకరించిన ప్రతి ఒక్కరితోనూ, "మా శరణి బతికే ఉన్నది, అనంతగిరిల ఉన్నది," అని చెప్పుకుంటూ పోయాడు.

ఆ తర్వాత

గౌరి సంబంధం తప్పిపోయింది. గఫూర్ సాబ్ పెళ్లికొడుకు వాళ్ల ఊరికి పోయి ఎంత చెప్పినా వాళ్లు వినలేదు. నీలమ్మ రెండు రోజులు ఏడ్చి, మూడో రోజు ఒక్కతే కూర్చున్న చోటు నుంచి లేచి, వీరశెట్టిని తీసుకుని గుట్టకు పోయి వచ్చింది. ఆ ఆడవాళ్లిద్దరూ ఏం మాట్లాడుకున్నారో వీరశెట్టికి కూడా తెలియదు. పోయిన గురువారం శరణమ్మ వచ్చింది.

పగటి రైలుకు వచ్చింది. సంతరోజు. బూట్లతోనే స్టేషన్ నుంచి బజారు మధ్యలోంచి నడిచింది. గుడ్డల దుకాణంలో గజంబద్ద అలాగే ఆగిపోయింది. ఒక ముసలామె చేతిలోని ఉల్లిగడ్డలు నేల మీద పడ్డాయి. ఎవరో "శరణమ్మ" అన్నారు, ఇంకెవరో నోరు నొక్కుకున్నారు. నేను వెనకే పరుగెత్తాను.

ఆమె అల్లం దుకాణం ముందు ఆగింది. లోపల చన్నప్ప ఒక్కడే ఉన్నాడు. వాళ్ల ఇళ్లలో తమ్ముడి భార్య భర్త అన్నతో ఎదురుగా నిలబడి మాట్లాడదు. ఆమె ముసుగు కూడా వేసుకోలేదు.

"బావా, నీళ్లియ్యి," అంది.

చన్నప్ప లేచాడు. కడవలోంచి రాగిచెంబు ముంచి తెచ్చాడు. గడప దాటేసరికి సగం నీళ్లు ఒలికాయి. మా దిక్కున ఎవరి ఇంట తాగినా చెంబు ఎత్తి పోసుకుంటారు. ఆమె చెంబు అంచు పెదవులకు ఆనించి తాగింది. చాలనిపించేదాకా తాగి, మిగిలిన నీళ్లతోనే తిరిగి ఇచ్చింది.

బజారంతా చూస్తోంది. చన్నప్ప ఆ చెంబును రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. పారబోస్తాడని నేననుకున్నాను. అతను దాన్ని నోటికి ఆనించి, కళ్లు మూసుకుని, గటగటా తాగాడు. సగంలో పొలమారి దగ్గు అందుకుంది. ఆగకుండా దగ్గాడు.

ఆ దగ్గు తగ్గేదాకా ఆమె అక్కడే నిలబడింది.